‘నాకు తెలీదు సిస్టర్’ అనగలిగినోళ్లే నిలబడతారు

రాత్రి 10 దాటింది. మెడికల్ వార్డులో నైట్ డ్యూటీకి ఉన్నది ఇద్దరే. ఒకరు పదిహేనేళ్ల సర్వీసున్న సిస్టర్, ఇంకొకరు బీఎస్సీ నర్సింగ్ అయిపోయి చేరి మూడు నెలలైన అమ్మాయి. కేసు షీటులో గ్లార్జిన్ ఇన్సులిన్ 20 యూనిట్లు అని రాసుంది. వయల్ పేషెంటు కొడుకు బయట మెడికల్ షాపులో కొనుక్కొచ్చాడు, సిరంజి వార్డు ట్రేలోది. ఇంజెక్షన్ ఇవ్వడం అర నిమిషం పని. కానీ ఆ అమ్మాయి చెయ్యి ఆగింది, సిరంజి మూత ఎర్రగా ఉంది, వయల్ మీదేమో మిల్లీలీటరుకి 100 యూనిట్లు అని ఉంది, రెంటికీ ఏదో తేడా ఉందని కాలేజీలో చెప్పిన గుర్తు, ఏ తేడానో మాత్రం గుర్తు రావట్లేదు. అవతల ఇంకో తొమ్మిది ఇంజెక్షన్లు పెండింగు, ఒక అటెండెంటు సెలైన్ అయిపోయిందని రెండోసారి అరుస్తున్నాడు. అప్పుడు ఆ అమ్మాయి చేసిన పని ఏంటంటే, రెండూ పట్టుకుని సీనియర్ దగ్గరికెళ్లి ‘నాకు తెలీదు సిస్టర్, ఒకసారి చూడండి’ అంది.

ఇది ఏ ఊరి పెద్దాసుపత్రిలోనైనా జరగగలిగే సీనే. మన దేశంలో ఇన్సులిన్ రెండు రకాల గాఢతల్లో దొరుకుతుంది, మిల్లీలీటరుకి 40 యూనిట్లది, 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40 దానికి, నారింజ రంగు మూత 100 దానికి. ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు, అది 40 రకం మందైతే సరిగ్గా 20 యూనిట్లే, 100 రకం మందైతే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. తెల్లారేసరికి షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, లేపినా లేవని స్థితిలో పేషెంటు దొరకొచ్చు. తిరగేసి తప్పు చేస్తే, అంటే 40 రకం మందుని నారింజ మూత సిరంజిలో లాగితే, 20 బదులు 8 యూనిట్లే వెళ్తాయి, ఆయన షుగర్ ఎందుకు తగ్గట్లేదో రౌండ్స్‌లో ఎవరికీ అర్థం కాదు, డోసు పెంచుకుంటూ పోతారు, డిశ్చార్జి అయ్యాక ఇంటి దగ్గర ఎవరో సరైన సిరంజితో ఆ పెంచిన డోసు ఇస్తారు, అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

వైద్యరంగంలో నిలదొక్కుకోవడానికి ఏ గుణాలు కావాలి అని అడిగితే మన దగ్గర రెడీమేడ్ జవాబు ఒకటుంది. ఓపిక, సేవాభావం, త్యాగం. మే 12న నర్సుల దినోత్సవానికి ఇవే మాటలు, జులై 1న డాక్టర్స్ డేకి ఇవే మాటలు, శాలువా, మొక్క, ఫొటో. ఓపిక అక్కర్లేదని కాదు, అది లేనివాళ్లు ఓపీలో ఒక పూట కూడా కూర్చోలేరు. కానీ ఓపిక మనిషిని ఉన్నచోట ఉంచుతుందే కానీ ముందుకి నడపదు. పాతికేళ్లు ఓపికగా ఒకే తప్పు చేసినవాళ్లు కూడా ఉంటారు మరి. పైన చెప్పిన అమ్మాయికి ఉపయోగపడింది ఓపిక కాదు, ఇంకోటి. తనకి తెలియనిదేదో తనకి తెలియడం, అది నలుగురిలో ఒప్పుకోవడానికి సిగ్గుపడకపోవడం. వైద్యంలో ఎక్కువకాలం నిలబడ్డవాళ్లలో, నిలబడి ఎదిగినవాళ్లలో కూడా, మిగతా గుణాలన్నీ దీని చుట్టూనే అల్లుకుని కనిపిస్తాయి.

ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే మన దగ్గర వైద్యో నారాయణో హరిః అన్నారు. అన్నవాళ్ల ఉద్దేశం ఏదైనా, ఇప్పుడు ఆ మాట చేసే పని మాత్రం వేరు. దేవుడికి డౌట్ రాకూడదు కదా, వస్తే దేవుడెలా అవుతాడు. పేషెంటు ముందు పుస్తకం తెరిచినా, ఫోన్‌లో డోసు చెక్ చేసుకున్నా ‘ఈ డాక్టరుకి ఏమీ తెలీదురా’ అని బయటికొచ్చి చెప్పుకునే జనం ఉన్నారు. ఆ భయంతో తెలిసినట్టు నటించడం హౌస్ సర్జన్సీ మొదటి నెలలోనే అలవాటవుతుంది. అదే దేవుడి చేతిలో పేషెంటు పోతే మళ్లీ క్యాజువాల్టీ అద్దాలు పగిలేదీ ఆ దేవుడి నెత్తి మీదే, అది వేరే సంగతి.

ఇంకో అడ్డు పైవాళ్ల భయం. చీఫ్ రౌండ్స్‌కి వస్తే వెనకాల అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆయన వెనక సీనియర్ పీజీ, జూనియర్ పీజీ, హౌస్ సర్జన్లు, చివర్లో ఫైళ్లు పట్టుకుని స్టాఫ్ నర్సు, ఈ క్యూలో కింద నుంచి పైకి ప్రశ్న వెళ్లడం చాలా కష్టం. విచిత్రం ఏంటంటే పేషెంటుని ఎక్కువసేపు చూసేది మాత్రం ఆ చివర్లో ఉన్న మనిషే. రాత్రి నుంచి యూరిన్ బ్యాగులో ఏమీ పడలేదని ఆవిడకే తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు అనేది చాలా ఆసుపత్రుల్లో వినపడే మాట.

ఈ జబ్బుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక మందు ఇచ్చింది, సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్. మత్తిచ్చే ముందు, కోత పెట్టే ముందు, థియేటర్ నుంచి పంపే ముందు, ఇలా మూడుసార్లు ఆగి గట్టిగా చదువుకోవాల్సిన కాగితం. అందులో చాలామంది నవ్వుకునే ఐటెం ఒకటుంది, థియేటర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తన పేరు, తన పని చెప్పాలి. రోజూ కలిసి పనిచేసేవాళ్లకి ఇదేం పిచ్చి అనిపిస్తుంది. కానీ ఒకసారి తన పేరు గట్టిగా చెప్పిన మనిషికి, పది నిమిషాల తర్వాత ‘సర్, మాప్ (రక్తం అద్దే గుడ్డ) ఒకటి లెక్క తక్కువొస్తోంది’ అనడం కొంచెం తేలికవుతుంది, అసలు సంగతి అదే. 2009లో 8 నగరాల ఆసుపత్రుల్లో దీని ఫలితాలు బయటికొచ్చాయి, మన న్యూఢిల్లీ కూడా అందులో ఉంది. ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. అయిపోయిందా అంటే లేదు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అదే కాగితం పెట్టి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదని 2014లో తేలింది. అంటే కాగితంతో పనవదు. టీ తాగుతూ టిక్కులన్నీ ఒకేసారి కొట్టేస్తే అది ఫైలు బరువు పెంచుతుందంతే. ఆగి అడగడం, అడిగినోడి మీద విసుక్కోకపోవడం, ఈ రెండూ మనుషుల్లో ఉంటేనే ఆ కాగితానికి ప్రాణం.

సరే, అడగడం నేర్చుకున్నారు. ఎదగడానికి అది చాలా? అనుభవం పెరిగే కొద్దీ పని బాగుపడుతుందని అందరం అనుకుంటాం, తల నెరిసిన డాక్టరు దగ్గరికే పరిగెడతాం. 2005లో అమెరికా వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది, డాక్టర్ల సర్వీసుకీ వాళ్లిచ్చే వైద్యం నాణ్యతకీ ఉన్న సంబంధం మీద జరిగిన 62 పరిశీలనలు కలిపి చూశారు, సగానికి పైగా వాటిలో ఏళ్లు గడిచే కొద్దీ అన్ని కొలతల్లోనూ పనితీరు తగ్గుతూ కనపడింది. వినడానికి కష్టంగా ఉంటుంది కానీ కారణం ఆలోచిస్తే ఆశ్చర్యమేం లేదు. వంట మాడితే వాసనొస్తుంది, గోడ వంకర కడితే కంటికి కనపడుతుంది, వైద్యంలో చేసిన తప్పు చాలాసార్లు చేసినవాడి దగ్గరికి తిరిగి రాదు. మందు పనిచేయని పేషెంటు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లిపోతాడు. మన డాక్టరేమో తగ్గిపోయింది కాబట్టే రాలేదనుకుంటాడు.

పీహెచ్‌సీ డాక్టరు పరిస్థితి ఇంకా అన్యాయం. జ్వరంతో వచ్చిన పిల్లాడిని చూస్తాడు, ఏదో తేడాగా అనిపించి 108లో జిల్లా ఆసుపత్రికి రిఫర్ చేస్తాడు. అక్కడ అది మెదడువాపా, డెంగ్యూనా, మామూలు జ్వరమా, ఏం తేలిందో ఈయనకి ఎవరూ చెప్పరు, రిఫరల్ చీటీ ఒక వైపే ప్రయాణం చేస్తుంది. తన అనుమానం కరెక్టో కాదో తెలియకుండా ఒక మనిషి పదేళ్లు పనిచేస్తే అనుభవం ఎక్కడ నుంచి వస్తుంది చెప్పండి. ఇక్కడే మనిషికీ మనిషికీ తేడా కనపడేది. కొంతమంది ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుంటారు, రిఫర్ చేసిన ప్రతి పేషెంటు పేరు, అటెండెంటు ఫోన్ నంబరు, పక్కన తను ఏమనుకున్నాడో ఒక లైను. వారం పోయాక ఫోన్ చేసి ‘బాబు ఎలా ఉన్నాడమ్మా, అక్కడ ఏమన్నారు’ అని అడుగుతారు. జవాబు పక్కనే రాసుకుంటారు. రెండు నిమిషాల పని. ఏడాది తిరిగేసరికి ఆ నోట్‌బుక్ ఆయనకి ఏ కాన్ఫరెన్సూ చెప్పని సంగతి చెప్తుంది, తను ఏ జబ్బుని ఎక్కువ ఊహించుకుంటున్నాడో, దేన్ని మాటిమాటికీ మిస్సవుతున్నాడో. ఐదేళ్లలో 30 గంటల సీఎంఈ, అంటే డాక్టర్లు కొత్త సంగతులు నేర్చుకునే క్లాసులు, ఉండాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది, వెనక బెంచీలో కూర్చుని సంతకం పెట్టి లంచ్ తిని కూడా ఆ 30 గంటలూ పూర్తి చేయొచ్చు. నోట్‌బుక్‌కి మాత్రం అలా కుదరదు, అందులో తన తప్పు తన చేతిరాతలోనే ఉంటుంది. పోగా పోగా అలాంటి ఫోన్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది, ఆ తల్లి ఆ ఊళ్లో ఇంకెవరి మాటా వినదు, ఆర్‌ఎంపీ దగ్గరికి పోయే ముందు పీహెచ్‌సీకే వస్తుంది.

తప్పు ఒప్పుకోవడం వేరు, తప్పు దగ్గరే కూలబడిపోవడం వేరు. కొత్తగా చేరిన హౌస్ సర్జన్ చేతిలో మొదటిసారి ఎవరైనా పోతే వారాలపాటు నిద్ర పట్టదు, అది సహజం. సీపీఆర్ చేసింది తనే, గుండె మళ్లీ కొట్టుకోలేదు, పది నిమిషాల తర్వాత ఇంకో బెడ్ దగ్గర క్యానులా పెట్టాలి. ఏడ్చే టైము కూడా డ్యూటీ చార్టులో ఉండదు. ఇలాంటప్పుడు నిలబడేవాళ్లు చేసే పని సాధారణంగా ఒకటే, ఎవరో ఒకరితో మాట్లాడతారు, క్యాంటీన్‌లో టీ దగ్గరైనా, హాస్టల్ మెట్ల మీదైనా, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటారు. ‘గట్టిగా ఉండాలి’ అని లోపల పెట్టుకున్నవాళ్లే తర్వాత విరిగిపోతారు, లేదంటే మొద్దుబారిపోతారు. మొద్దుబారడాన్ని మన దగ్గర అనుభవం అని పొరపడటం ఇంకా పెద్ద సమస్య.

ఆ మొద్దుబారడానికి ఒక గుర్తుంది. వార్డులో మాటలు విని చూడండి, ‘14లో డెంగ్యూ’, ‘కార్నర్ బెడ్ స్ట్రోకు’, ‘నిన్నటి పాయిజనింగ్’. మనిషి పేరు ఎక్కడా లేదు. పని వేగం కోసం అలా అనడం తప్పు కాదు, కానీ పేరు అడిగినా గుర్తు రాని దశ ఒకటొస్తుంది. బర్నవుట్, అంటే పని ఒత్తిడితో మనిషి అరిగిపోవడం మీద 1970ల నుంచి పరిశోధన చేసిన అమెరికా సైకాలజిస్టు క్రిస్టీనా మాస్లాక్ దాన్ని మూడు ముక్కలుగా చూపించింది, మనసు పూర్తిగా ఖాళీ అయిపోవడం, ఎదుటి మనిషి వస్తువులా కనపడటం, ఎంత చేసినా ఏమీ చేయనట్టు అనిపించడం. మొదటిది అందరూ గమనిస్తారు, సెలవు పెట్టమంటారు. రెండోది ఎవరూ గమనించరు, పైగా ‘డాక్టర్ గారు భలే ప్రొఫెషనల్’ అంటారు. అమెరికాలో జెఫర్సన్ మెడికల్ కాలేజీ స్టూడెంట్ల మీద చేసిన పరిశీలన 2009లో వచ్చింది, వాళ్ల సహానుభూతి మొదటి రెండేళ్లు బాగానే ఉండి మూడో ఏడాది పడిపోయింది. మూడో ఏడాదంటే అక్కడ పుస్తకాలు వదిలి వార్డులోకి అడుగుపెట్టే ఏడాది. పేషెంట్లని చూడటం మొదలుపెట్టాకే పేషెంట్ల మీద జాలి తగ్గడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

దీనికి మందు ఇంకా ఎక్కువ కరిగిపోవడం కాదు. ప్రతి పేషెంటు బాధనీ ఇంటికి మోసుకెళ్లే నర్సు ఆరు నెలలు కూడా ఉండలేదు. నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్‌లో, పిల్లల క్యాన్సర్ వార్డుల్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లని చూస్తే చిన్న చిన్న అలవాట్లు కనపడతాయి. పేరు పెట్టి పిలవడం, మంచం పక్కన నిలబడకుండా ఒక్క నిమిషమైనా స్టూల్ లాక్కుని కూర్చోవడం, డ్యూటీ అయ్యాక యూనిఫాంతో పాటు ఆ రోజునీ అక్కడే వదిలేసే ఏదో ఒక పద్ధతి, ఒకరికి గుడి, ఒకరికి వాకింగ్, ఒకరికి బస్సులో కిటికీ పక్కన పాటలు. ఆసుపత్రి బయట ఇంకో బతుకు ఉండటం సోకు కాదు, నిలబడటానికి అది కూడా ఒక ఆసరా.

ఈ మాటకి వర్జీనియా ఆప్గార్‌ని మించిన ఉదాహరణ దొరకదు. పేరు ఎక్కడో విన్నట్టుందా, మన లేబర్ రూముల్లో పుట్టిన ప్రతి బిడ్డ కేసు షీటులోనూ ఆవిడ పేరు ఉంటుంది, పుట్టిన నిమిషానికి ఒకసారి, ఐదో నిమిషంలో ఇంకోసారి వేసే ఆప్గార్ స్కోరు ఆవిడదే. 1933లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో మెడిసిన్ పూర్తి చేసి సర్జన్ అవుదామనుకుంది, అక్కడి సర్జరీ పెద్దాయన ఆడవాళ్లు సర్జన్లుగా నిలదొక్కుకోవడం కష్టమని చెప్పి మత్తు వైద్యం వైపు పంపాడు. అప్పట్లో మత్తివ్వడం ఎక్కువగా నర్సుల పని, డాక్టర్లలో దానికి విలువ లేదు. ఆవిడ అక్కడే పాతుకుపోయి 1949కల్లా ఫుల్ ప్రొఫెసర్ అయింది, ఆ కాలేజీలో ఆ స్థాయికి చేరిన మొదటి మహిళ. ఒకరోజు క్యాంటీన్‌లో టిఫిన్ దగ్గర ఒక స్టూడెంటు పుట్టిన బిడ్డ పరిస్థితిని ఎలా అంచనా వేయాలి అని అడిగితే దొరికిన కాగితం మీద ఐదు పాయింట్లు రాసిచ్చిందని చెప్తారు, గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, కదిపితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి సున్నా నుంచి 2, మొత్తం 10. 1953లో అచ్చయింది. అంతకుముందు పుట్టగానే ఏడవని బిడ్డని పక్కన పెట్టేసి తల్లిని చూసుకునేవాళ్లు, ఇప్పుడు నిమిషం తిరిగేసరికి బిడ్డ వైపు ఒకరు చూసి తీరాల్సిందే. ఆవిడ అంతటితో ఆగలేదు, 50 ఏళ్లకి దగ్గరపడ్డాక మళ్లీ స్టూడెంటుగా చేరి జాన్స్ హాప్‌కిన్స్‌లో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేసింది. ఇంకో సరదా ముక్క, ఆవిడకి వయొలిన్ లాంటి వాద్యాలు తయారుచేసే పిచ్చి ఉండేది, మంచి చెక్క కనపడిందని ఆసుపత్రి టెలిఫోన్ బూత్‌లో అల్మారా పలకని రాత్రిపూట ఫ్రెండ్‌తో కలిసి లేపేసింది. ఆ చెక్కతో వయోలా తయారైంది కూడా. స్కోరు కనిపెట్టిన బుర్ర, చెక్క దొంగిలించిన బుర్ర ఒకటే కదా, కుదురుగా ఉండదు అది.

దారి మూసుకుపోతే పక్క దారి వెతుక్కోవడం అనే గుణాన్ని మనవాళ్లలో చూడాలంటే యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. ప్రాక్టీసు పెట్టి పేషెంట్లని చూసిన డాక్టరు కాకపోయినా ఈ చర్చలో ఆయన లేకపోతే వెలితి. 1895లో భీమవరంలో పుట్టాడు, మెట్రిక్ మూడోసారికి పాసయ్యాడు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది, ఎంబీబీఎస్ బదులు అంతకంటే కిందిదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. సర్కారు నౌకరీ రాక ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పాడు, ఆ తర్వాత అమెరికా చేరి బోస్టన్‌లో ఆసుపత్రి నైట్ డ్యూటీ పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివాడు. 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి, 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్. అయినా హార్వర్డ్ పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీ ల్యాబ్‌కి వెళ్లిపోయాడు, చాలామంది దాన్ని మెట్టు దిగడం అనుకునే రోజులవి. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ మందుల్లో ఇవాళ్టికీ నడుస్తున్న మెథోట్రెక్సేట్, బోదకాలుకి ఇచ్చే డీఈసీ, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, అన్నీ ఆయన నడిపిన ఆ ల్యాబ్ నుంచి వచ్చినవే, అదీ 1948లో 53 ఏళ్లకే చనిపోయేలోపు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన తోబుట్టువుల్ని తీసుకుపోయింది, ఆ జబ్బులో పనికొచ్చే మందే ఫోలిక్ యాసిడ్. మన ఏఎన్ఎం సంచిలో గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలోనూ, బోదకాలు నివారణకి ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రలోనూ ఆయన పని ఉంది, ఇచ్చేవాళ్లకీ మింగేవాళ్లకీ చాలామందికి తెలీదు.

ఆయనది ఒట్టి మొండితనం అనేస్తే సగమే చెప్పినట్టు. మెట్రిక్ పరీక్ష మూడోసారి రాయడం మొండితనం, సరే. ఎల్ఎంఎస్‌తో అవమానపడ్డాక అక్కడే కూర్చుని ఆ డిగ్రీ కోసం పోట్లాడకుండా ఇంకో చోటికి కదలడం మాత్రం మొండితనం కాదు, గమ్యం మీద పట్టు ఉంచి దారి మీద పట్టు వదిలేయడం. మధురైలో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిది కూడా ఇదే తీరు. ప్రసూతి వైద్యుడు అవుదామనుకున్నాడు, ముప్పై ఏళ్లకే కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర తిరిగిపోయాయి, ఏడాదికి పైగా మంచం మీదే. లేచాక కంటి వైద్యం వైపు మళ్లి, తన వంకర వేళ్లకి సరిపడే పనిముట్లు చేయించుకుని కత్తి పట్టడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నాడు, లక్షకి పైగా కంటి ఆపరేషన్లు చేశాడు. 1976లో రిటైరయ్యాక 11 పడకలతో మొదలైంది ఆ ఆసుపత్రి.

ఇదే సంగతి ఇప్పటి పిల్లల్లో చిన్న స్కేలులో రోజూ కనపడుతుంది. విదేశాల్లో ఎంబీబీఎస్ చేసొచ్చిన మన తెలుగు పిల్లలు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే పాసవ్వాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష రాస్తారు, 300 ప్రశ్నలు, 150 రావాలి, ఏడాదికి రెండుసార్లు, చాలాసార్లు పదిమందిలో ఇద్దరు ముగ్గురే గట్టెక్కుతారు. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్ రూములో నాలుగో అటెంప్టుకి చదివేవాళ్లలో రెండు రకాలు. అవే నోట్సు మళ్లీ మొదట్నుంచి హైలైటర్ పట్టుకుని చదివేవాళ్లు ఒకరు, మాక్ టెస్టులో తప్పయిన ప్రశ్నలే వేరే పుస్తకంలో రాసుకుని ఎందుకు తప్పయిందో తవ్వేవాళ్లు ఒకరు. కష్టం ఇద్దరిదీ ఒకటే, కానీ రెండో రకానికి తన తప్పుల ముఖం చూడటానికి భయం లేదు. జర్మనీ వెళ్లడానికి విదేశీ ఉద్యోగాలకి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ లాంటి చోట్ల జర్మన్ భాష నేర్చుకుంటున్న నర్సులదీ అదే పరీక్ష, ఐదేళ్లు ఐసీయూ నడిపిన సిస్టర్ బీ2 లెవెల్ కోసం చిన్నపిల్లలా ‘నా పేరు ఇది, నేను ఫలానా ఊళ్లో ఉంటాను’ అని అందరి ముందూ తప్పులతో మాట్లాడాలి. అక్కడ అహం అడ్డొచ్చినవాళ్లు రెండో నెలలోనే మానేస్తారు.

ఇదంతా చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పకపోతే మోసమవుతుంది. గుణాల గురించి మాట్లాడటం మేనేజ్‌మెంట్లకి మహా ఇష్టం, ఎందుకంటే గుణాలకి బడ్జెట్ అక్కర్లేదు. స్టాఫ్ లేకపోతే ఓపిక పట్టమంటారు, మూడు వార్డులకి ఒక్క సిస్టర్‌ని పెట్టి యోగా క్లాసు పెట్టిస్తారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ని రోగం అనలేదు, పనిచేసే చోటులో తలెత్తే పరిస్థితి అంది, ఆ తేడా చాలా ముఖ్యం, మందు వేయాల్సింది మనిషికి కాదు అన్నట్టు. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ చేసిన ఆన్‌లైన్ సర్వేలో ఎంబీబీఎస్ స్టూడెంట్లలో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం మంది తమకి మానసిక సమస్య ఉన్నట్టు డాక్టర్లు తేల్చారని చెప్పారు. రెసిడెంట్లకి వారానికి 74 గంటలు మించకూడదు, ఒకరోజు సెలవుండాలి అని అదే టాస్క్‌ఫోర్స్ చెప్పింది. 74 గంటలంటే మామూలు ఆఫీసు మనిషికి గుండె ఆగుతుంది, మన పీజీలు మాత్రం ‘అంతే అయితే బావుణ్ను’ అంటారు. ముప్పై ఆరు గంటలు నిద్రలేని మనిషికి ఎర్ర మూత, నారింజ మూత తేడా కళ్ల ముందున్నా కనపడదు, అప్పుడు ఏ గుణమూ అక్కరకి రాదు.

ఆశా కార్యకర్తల సంగతి చూస్తే ఇంకా స్పష్టం. 2005లో మొదలైన పథకం, దాదాపు వెయ్యి మంది జనాభాకి ఒక ఆశా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లకి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డిచ్చింది. కాగితం మీద వీళ్లు ఇప్పటికీ వాలంటీర్లే, చేతికొచ్చేది జీతం కాదు, పారితోషికం. తెలంగాణలో 18 వేల ఫిక్స్‌డ్ జీతం కోసం రోడ్డెక్కినప్పుడు ‘సేవాభావం ఉండాలమ్మా’ అని నీతులు చెప్పినవాళ్లున్నారు. నిజానికి జీతం అడగడం కూడా ఆ మొదటి గుణం లాంటిదే, సమస్యని సమస్య అని బయటికి చెప్పగలగడం. వార్డులో డౌట్ అడిగే నోరు, రోస్టర్ గురించి అడిగే నోరు వేరు వేరు కాదు. ఒకదాన్ని నొక్కేస్తే రెండోదీ మూతపడుతుంది.

మళ్లీ ఆ వార్డు దగ్గరికొస్తే, ‘నాకు తెలీదు సిస్టర్’ అన్నప్పుడు సీనియర్ ఏం చేసిందన్నది కూడా అంతే ముఖ్యం. ‘మూడు నెలలైంది, ఇది కూడా తెలీదా’ అనుంటే ఆ అమ్మాయి ఇంకెప్పుడూ అడగదు, ఇంకో రాత్రి ఊహించుకుని ఇచ్చేస్తుంది. ఈవిడ అలా అనలేదు. వయల్ తీసుకుని లైటు కింద చదివింది, ‘నాకూ ఒకసారి ఇలాగే అయ్యేదమ్మా’ అంది, అటెండెంటుని పిలిచి నారింజ మూత సిరంజి తెమ్మని చీటీ రాసిచ్చింది. ఇంజెక్షన్ ఇరవై నిమిషాలు లేటయింది. తర్వాత ఆ అమ్మాయి తెల్ల ప్లాస్టర్ ముక్క ఒకటి చింపి వయల్ చుట్టూ అతికించి బాల్‌పెన్నుతో ‘100 — ఎర్ర మూత సిరంజి వద్దు’ అని రాసింది, పొద్దున 8 గంటలకి హ్యాండోవర్‌లో డే డ్యూటీ సిస్టర్‌కి ఫ్రిజ్ తెరిచి అదే చూపించింది.